గుండు ముందు, తుపాకి తర్వాత

2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దూకి ఒక చిరుత లోపలికి వచ్చింది. కంచె తీగ తగిలి కంట్రోల్ రూంలో అలారం మోగింది. అటవీశాఖ వాళ్లు గొల్లపల్లి వైపు బోనులు పెట్టారు, మేకను ఎరగా కట్టారు, చెట్లకు కెమెరాలు బిగించారు. చిరుత నాలుగైదు రోజులు మేక చుట్టూ తిరిగి ఊరించి, మే 3న బోనులో పడింది. నెహ్రూ జూ పార్కులో వైద్యులు పరీక్షించాక దాన్ని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలిపెట్టారు. ఎక్కడా తుపాకి పేలలేదు.

ఒకప్పుడు అదే నల్లమలకు ఇంకోరకం మనిషి వచ్చేవాడు. గాజులపల్లి, చెలమ, దిగువమెట్ట లాంటి అడవి రైల్వేస్టేషన్ల దగ్గర పులి మనుషుల్ని ఎత్తుకుపోతోందని కబురు అందితే, బెంగళూరు నుంచి ఒక దొర భుజాన రైఫిల్ వేసుకుని దిగేవాడు. పేరు కెన్నెత్ ఆండర్సన్. దొర అనడమే గానీ పుట్టింది మన బొల్లారంలో, 1910లో. ఆరు తరాలుగా ఈ దేశంలో ఉంటున్న స్కాట్లాండ్ కుటుంబం వాళ్లది. బెంగళూరు విమానాల కర్మాగారంలో ఉద్యోగం, సెలవు దొరికితే అడవి. చామల లోయ గురించీ, తిరుపతి దగ్గరి మామండూరు గురించీ, నల్లమల గురించీ ఆయన రాసిన కథలు ఈనాటికీ అచ్చవుతున్నాయి. నల్లమల కథకు ఆయన పెట్టిన పేరుకు అర్థం ‘హైదరాబాద్ నుంచి వచ్చిన హంతకి’. నిజాం రాజ్యం వైపు నుంచి కృష్ణ దాటి వచ్చిన పులి అని అప్పటి అనుమానం.

ఆ కథల్లో పులి తర్వాత అంత తరచుగా కనిపించేది ఆయన రైఫిలే. ‘పాయింట్ ఫోర్ నాట్ ఫైవ్ వించెస్టర్’. ఆ కాలపు షికారీల్లో ఎక్కువమంది ఇంగ్లండులో చేసిన జంట గొట్టాల రైఫిళ్లో, బోల్టు రైఫిళ్లో పట్టేవారు. ఆండర్సన్ చేతిలో మాత్రం అమెరికా నుంచి వచ్చిన లీవర్ యాక్షన్, 1895 మోడల్. తెలుగు నేలతో ఇంత చుట్టరికం ఉన్న లీవరు రైఫిల్ మరొకటి కనిపించదు. అందుకే, సీసంతో పోత పోసిన గుండ్లకు ఏ లీవరు రైఫిల్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు మనవాళ్లు దీని దగ్గర నుంచే మొదలుపెట్టడం సబబు.

లీవర్ యాక్షన్ అంటే ఏమిటో తెలుగువాళ్లకు చూపించింది సినిమా. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్ మన తెరకెక్కాడు, ఆ తర్వాత చిరంజీవి ‘కొదమ సింహం’, మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’ వచ్చాయి. కౌబాయ్ అనగానే గుర్తొచ్చే తుపాకి ఇదే. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియం వెనక్కి సాగి, పిడికిలి పట్టేంత ఉంగరంగా మారుతుంది. దాన్ని కిందికి తోస్తే పేలిన తూటా డొప్ప ఎగిరి బయట పడుతుంది, ఆ ఊపులోనే వెనకనున్న సుత్తి బిగుస్తుంది. మళ్లీ పైకి లాగితే కొత్త తూటా బారెల్‌లోకి ఎక్కుతుంది. తుపాకి భుజం మీంచి దిగనక్కర్లేదు, కన్ను గురి మీంచి మరలనక్కర్లేదు.

వీటిలో పేరుపడ్డ నమూనాలు చాలావరకు ఒక్కరి బుర్రలోంచే వచ్చాయి. యూటాలో తుపాకి పనివాడి కొడుకు జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1886, 1892, 1894, 1895 మోడళ్లను వించెస్టర్ కంపెనీకి వరసగా గీసి ఇచ్చాడు. 1894 మోడల్ ఒక్కటే డెబ్బై లక్షలకు పైగా అమ్ముడైంది. 1895 మోడల్ కథ వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా జారు ప్రభుత్వం తన సైన్యం కోసం దాదాపు మూడు లక్షలు కొనేసింది. 1904లో ఈ మోడల్‌కే .405 తూటా జోడించారు. మూడు వందల గ్రెయిన్ల గుండు, మన బంగారం లెక్కలో ఇంచుమించు రెండు తులాలు. అది సెకనుకు 2,200 అడుగుల వేగంతో వెళ్లేది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికా వెళ్తూ దీన్నే వెంట తీసుకెళ్లి, సింహాలకు ఇది మంచి మందని మెచ్చుకున్నాడు.

తర్వాత 1895 మోడల్ తయారీ ఆగింది. దాని వెనకే .405 తూటాలూ అంగళ్లలో కనుమరుగయ్యాయి. 2000 తర్వాత జపాన్‌లో తయారైన కొత్త 1895లతో పాటు మళ్లీ వచ్చేదాకా ఈ రైఫిల్ ఉన్నవాళ్ల గతేమిటి? అమెరికాలో చాలామంది డొప్పల్ని దాచుకుని, గుండు తామే పోత పోసుకున్నారు. అంగట్లో సరుకు దొరకనప్పుడు పాత తుపాకిని బతికించేది పోత గుండే.

పోత హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అని రోజూ అంటుంటాం, పాతబస్తీ వాళ్లు ‘తోప్ కా సాంచా’ అంటారు. సాంచా అంటే అచ్చు. నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగుల పోత పెట్టించాడు. 1798లో అతను పోయాక, అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు అతని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేసేశారు. మూసారాంబాగ్ పేరు ‘ముస్యూ రేమండ్’ నుంచే వచ్చిందని చెబుతారు.

పోత గుండు అంటే రాగి తొడుగు లేని గుండు. కరిగించిన సీసాన్ని ఇనుప అచ్చులో పోసి చల్లార్చితే వచ్చేది. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి పెద్ద కొలిమి అక్కర్లేదు. అయితే ఒట్టి సీసం గోరుతో గీస్తే చార పడేంత మెత్తన, అచ్చు మూలల్లోకి సరిగా పారదు కూడా. అందుకు తగరం కలిపితే చక్కగా పారుతుంది, ఆంటిమొని కలిపితే గట్టిపడుతుంది. నూటికి తొంభై పాళ్లు సీసం, అయిదు తగరం, అయిదు ఆంటిమొని కలిసిన మిశ్రమం ఈ విద్యలో పాత కొలబద్ద. బ్రినెల్ కొలతలో ఒట్టి సీసం గట్టిదనం అయిదు, ఈ మిశ్రమానిది పదిహేను. ఇంకా గట్టిది కావాలంటే అచ్చాఫీసు సీసం వాడతారు. ఒకప్పుడు పత్రికల అక్షరాలు పోసిన లోహంలోనూ ఇవే మూడు ఉండేవి, ఆంటిమొని పాలు మాత్రం రెండింతలకు పైగా. ఆఫ్‌సెట్ రాకముందు పత్రికల ఆదివారం సంచికలు సీసపు అక్షరాలతోనే అచ్చయ్యేవి. అచ్చాఫీసులో ఆ అక్షరాలు పేర్చిన చేతులు ఇంకా మన మధ్య ఉన్నాయి.

ఇక ఎంపిక. షాపులో రైఫిల్ చూసి ముచ్చటపడి, ఆ తర్వాత దానికి గుండు వెతకడం చాలామంది చేసే పని. పోత గుండు విషయంలో నడక తిరగబడాలి. ఎంత లావు గుండు పోస్తాం, ఎంత బరువు, ఎంత వేగం అన్నవి ముందు తేల్చుకుని, వాటికి ఒప్పుకునే బారెల్ వెతకాలి. రాగి తొడుగు గుండు కొంచెం సన్నమైనా, బారెల్ కొంచెం అరిగినా సర్దుకుపోతుంది. సీసం సర్దుకోదు. బారెల్ లోపలి గాడుల కంటే గుండు సన్నగా ఉంటే, వెనక నుంచి తోసే వేడి వాయువు పక్క సందుల్లోంచి దూసుకెళ్లి సీసాన్ని కోసేస్తుంది. ఆ సీసం బారెల్ గోడలకు అంటుకుని పేరుకుంటుంది. పది తూటాలకే గురి చెదిరిపోతుంది. లోపం సీసానిదని నిందిస్తారు గానీ, అసలు లోపం కొలతది.

అందుకే అనుభవజ్ఞులు రైఫిల్ కొనగానే చేసే మొదటి పని కాల్చడం కాదు, కొలవడం. మెత్తటి సీసపు ముద్దను నూనె రాసిన బారెల్‌లోంచి మెల్లగా తోసి, అవతల పడ్డాక మైక్రోమీటరుతో చూస్తారు. ఆ కొలత కంటే అంగుళంలో వెయ్యో వంతో, రెండు వెయ్యో వంతులో లావుగా ఉన్న గుండు కావాలి. పేర్లను నమ్మితే మోసపోతాం. .405 వించెస్టర్ గుండు అసలు అడ్డుకొలత .411 అంగుళం. మార్లిన్ కంపెనీ .44 మాగ్నం రైఫిళ్లలో బారెల్ .431, ఒక్కోసారి అంతకంటే వెడల్పు. రివాల్వర్ కోసం చేసిన .429 గుండు అందులో వేస్తే గోడకు చేరగిలబడదు, ఊగిసలాడుతుంది. పాత .38-55 రైఫిళ్లలో ఒకదానికీ మరొకదానికీ తేడా చాలా ఉంటుంది. ఒకరి అచ్చు ఇంకొకరి రైఫిల్‌కు పనికిరాదు.

కొలత తర్వాత గాడులు. లోతైన గాడులు కొన్నే ఉన్న పాతరకం బారెల్ సీసాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మార్లిన్ 1950లలో ‘మైక్రో గ్రూవ్’ పేరుతో లోతు తక్కువ, సంఖ్య ఎక్కువ గాడులు తెచ్చింది. రాగి తొడుగు గుండుకు అవి బ్రహ్మాండం. పోత గుండుకు పనికిరావన్న అపవాదు మాత్రం ఆ రోజుల నుంచే పాతుకుపోయింది. గుండు తగినంత లావుగా, గట్టిగా ఉంటే ఈ బారెళ్లూ చక్కగా కాలుస్తాయని తర్వాత చాలామంది నిరూపించారు. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లు లోతు గాడులున్నదే తీసుకుంటే ఒక తలనొప్పి తగ్గుతుంది.

మెలిక కూడా చూడాలి. బారెల్‌లో గాడులు ఎన్ని అంగుళాలకు ఒకసారి చుట్టు తిరుగుతాయన్నది మెలిక. వించెస్టర్ .30-30లో పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు, పాత మార్లిన్ 336లలో పది. గట్టి మెలికలో మెత్తటి గుండును వేగంగా తోస్తే గాడుల మీద జారిపోతుంది. ఇక్కడ ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. పొగలేని తుపాకిమందు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇంట్లో పాతరకం నల్ల తుపాకిమందు, సీసపు గుండు వాడే గ్రామీణులు ఉండిపోయారు. వాళ్లకూ పనికొచ్చేలా వించెస్టర్ పదహారు అంగుళాల నిదానమైన మెలికతో .32 స్పెషల్ తీసుకొచ్చింది. పోత గుండుకు బాగా ఒదిగే రైఫిల్ అని దీన్ని చెప్పవచ్చు. పాత సామాను అమ్మేచోట కంటపడితే వదులుకోకూడదు.

మ్యాగజీన్ సంగతి ప్రాణాలకు సంబంధించింది. ఎక్కువ లీవరు రైఫిళ్లలో తూటాలు బారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా అడుగున మందును అంటించే ప్రైమరుకు ఆనుకుని ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, తుపాకి తన్నినప్పుడు గొట్టంలోనే పేలే ప్రమాదముంది. అందుకే ముక్కు చదునుగా ఉన్న గుండే వాడాలి. బ్రౌనింగ్ 1895లో ఆ గొట్టం తీసేసి, ట్రిగ్గర్ ముందు పెట్టె అమర్చాడు. ఆండర్సన్ రైఫిల్ కడుపు కింద ఉబ్బుగా కనిపించేది అందుకే. చదును ముక్కు పోత గుండుకు స్వభావసిద్ధం కాబట్టి మామూలు గొట్టపు రైఫిల్‌తోనూ దానికి పేచీ లేదు.

తూటా ఎంపికలో పుస్తకాల్లో చదివే మాటల కంటే పుట్టుక ఎక్కువ చెబుతుంది. నల్ల తుపాకిమందు కాలంలో పుట్టినవన్నీ సీసం కోసమే పుట్టాయి. .45-70 తూటాను అమెరికా సైన్యం 1873లో తీసుకున్నప్పుడు దాని ముందున్నది 405 గ్రెయిన్ల సీసపు గుండు. నేటికీ బరువైన పోత గుండును నెమ్మదిగా పంపడంలో దాన్ని మించింది లేదు. భుజానికి మాత్రం గట్టిగానే తెలుస్తుంది. .44-40, .45 కోల్ట్ అదే వయసువి, మెత్తగా కాలుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు .357 మాగ్నం మంచి గురువు. డొప్ప నిలువుగా ఉంటుంది, సీసం తక్కువ పడుతుంది, .38 స్పెషల్ తూటా కూడా చాలా రైఫిళ్లలో పడుతుంది. .30-30 అమెరికాలో పొగలేని మందు కోసం రూపొందిన తొలి వేట తూటా. కాబట్టి దాని అసలు వేగంలో సీసం చెదిరిపోతుంది. గుండు అడుగున చిన్న రాగి మూకుడు తొడిగి, వేగం కొంచెం తగ్గిస్తే అది కూడా ముద్దొస్తుంది.

యంత్రం బలం మరువకూడదు. వించెస్టర్ 1866, 1873 నమూనాల్లో తలుపు మూసి ఉంచేది మోకాలు కీలు లాంటి మడత మాత్రమే, అది అందమైనదే గానీ బలహీనమైనది. బ్రౌనింగ్ నమూనాలకు, మార్లిన్‌కు దిట్టమైన తాళం ఉంది. మార్లిన్ ఖాళీ డొప్పను పక్కకు విసురుతుంది, పైన దుర్భిణి బిగించుకోవచ్చు. వెనక నుంచి బారెల్ తుడిచేందుకూ వీలు. సీసం వాడేవాళ్లకు తుడవడం రోజూ ఉండే పని. ఆ కంపెనీని 2020లో రూగర్ కొన్నాక రైఫిళ్ల పనితనం మెరుగుపడిందన్న మాట కొన్నవాళ్ల నోట వినిపిస్తోంది. ఇవన్నీ చూశాక మొదటిసారి కొనేవాళ్లకు లోతు గాడుల మార్లిన్‌లో .357 గానీ .45-70 గానీ, లేదంటే పాత 1894లో .32 స్పెషల్ గానీ సరైనదని చెప్పాలి.

ఈ మాటలు ఎక్కువగా పనికొచ్చేది శంషాబాద్ నుంచి విమానమెక్కి డాలస్, హ్యూస్టన్, అట్లాంటాలలో స్థిరపడ్డ మనవాళ్లకు. అక్కడ సొంత వాడకానికి గుండు పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే కావాలి. అయితే చాలామందికి తెలియని గొయ్యి ఒకటుంది. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. స్నేహితుడి పొలంలో సరదాగా రైఫిల్ పట్టుకున్నా వీసాకు ముప్పు రావచ్చు కాబట్టి, ముందు వకీలును అడగడమే మంచిది.

సీసం విషమన్నది ఏ దేశంలోనైనా ఒకటే. కరుగుతున్నప్పుడు గాలి ఆడే చోటు కావాలి. కుండలో ఒక్క నీటి చుక్క పడినా ఆవిరై చిమ్మి ముఖం కాల్చేస్తుంది. పని అయ్యాక చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు. పిల్లలుండే ఇంట్లో ఈ పని వద్దే వద్దు.

ఇక్కడ, మన దగ్గర సంగతి సూటిగా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టంలోని అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయకూడదు, తూటాలో భాగాలు కూడా చట్టం దృష్టిలో తూటాలే. రైఫిల్‌కు లైసెన్సున్నా గుండు పోసుకునే హక్కు దానితో రాదు. వేటకు 1972 వన్యప్రాణి చట్టం కళ్లెం వేసింది. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు మనుషులకు లేదు. 2019 సవరణ తర్వాత ఒక్కరికి రెండు తుపాకుల వరకే అనుమతి. తాతల నాటి వించెస్టర్ ఇంట్లో ఉంటే, యజమాని పోయిన తర్వాత వారసులు దాన్ని మూలన పెట్టేయకుండా పోలీసుస్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పజెప్పి, తమ పేర దరఖాస్తు పెట్టుకోవాలి.

విమానాశ్రయంలో బయటపడేది చాలాసార్లు ఇంకోటి. అమెరికాలో రేంజికి వెళ్లినప్పుడు జేబులో పడ్డ ఒక్క తూటా బ్యాగు అడుగున ఉండిపోతుంది. శంషాబాద్ స్కానర్‌లో దాని ఆకారం తేలుతుంది. ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. ‘తెలిసి దగ్గర ఉంచుకోవడం’ ఉంటేనే నేరమని సుప్రీంకోర్టు చాలా ఏళ్ల కిందటే చెప్పింది, హైకోర్టులు ఇలాంటి కేసులు కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. అంతదాకా వెళ్లేలోపు విమానం పోతుంది, ఉద్యోగం కదులుతుంది. రేంజికి తీసుకెళ్లిన బ్యాగు ప్రయాణానికి వాడకపోవడం సులువైన జాగ్రత్త. లైసెన్సున్న క్రీడాకారులు తుపాకిని ఖాళీ చేసి, కాగితాలు చూపించి లగేజీలో వేయొచ్చు. తూటాలు ఒక్కరికి అయిదు కిలోలు మించకూడదు, ఇద్దరి వాటా కలపడానికి లేదు.

హైదరాబాద్‌లో ఉండి సీసాన్ని గురి మీదికి పంపాలనుకునేవాళ్లకు చట్టం తెరిచి ఉంచిన తలుపు ఒకటుంది. ఇరవై జూళ్లలోపు శక్తి ఉన్న .177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీలో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే. దాన్లో పడేదీ సీసపు గుండే, నాలుగున్నర మిల్లీమీటర్ల పెల్లెట్. డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని తల కొలత ముద్రించి ఉంటుంది. పెద్ద పోటీకి ముందు షూటర్ తన రైఫిల్‌ను బల్లకు బిగించి, ఒక్కో డబ్బాలోంచి పదేసి పెల్లెట్లు కాలుస్తాడు. కాగితం మీద రంధ్రాలు దగ్గరగా పడ్డ డబ్బా ఏదో చూసుకుని, ఆ తయారీ సంఖ్యవే ఏడాదికి సరిపడా తెప్పించుకుంటాడు.